సెట్టు పూర్తయ్యాక మొదలయ్యే పని

లెగో సెట్టు కొన్న పెద్దవాళ్లలో చాలామంది కథ ఒకేలా సాగుతుంది. శనివారం రాత్రి పెట్టె తెరుస్తారు. నంబర్లు వేసిన సంచులను వరసగా విప్పుతారు. పుస్తకంలో చూపించినట్టే ఒక్కో పీసూ పెట్టుకుంటూ పోతారు. రెండు మూడు రాత్రుల్లో కారో, కోటో, ఓడో తయారవుతుంది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు, షోకేసులో సర్దుతారు. నెల తిరిగేసరికి దాని మీద దుమ్ము పేరుకుంటుంది, మనసు ఇంకో పెట్టె మీదికి పోతుంది. ఏడాది గడిచేసరికి షోకేసు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది, చేతికి మాత్రం కొత్తగా అబ్బిన విద్య ఏమీ ఉండదు.

పుస్తకం చూసి కట్టడంలో సుఖం ఉంది. పగలంతా తెగని పనులతో తల పట్టుకున్నవాళ్లకు, మొదలూ చివరా స్పష్టంగా ఉన్న ఒక పని దొరకడమే పెద్ద ఊరట. ఆ ఊరటను నేను తక్కువ చేయను. కానీ అందులో నిర్ణయాలన్నీ వేరెవరో తీసుకున్నవి. ఏ పీసు ఎక్కడ పెట్టాలో మీరు నిర్ణయించిన క్షణం నుంచే ఈ హాబీ మీదవుతుంది. ఆ క్షణానికి చేరాలంటే కొత్త పెట్టె అక్కర్లేదు. షోకేసులో ఉన్న పాత సెట్టును కిందికి దించి, అందులో ఒక్క చోట మార్పు చేస్తే చాలు. ఆ మార్పు ఎలా చేయాలో, చేసేముందు ఏం తెలుసుకోవాలో ఈ అధ్యాయంలో చెప్తాను.

ముందు మొహమాటం వదలండి

"ఈ వయసులో బొమ్మలేంటి నాయనా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. సమాధానం వెతుక్కుని ఇబ్బంది పడకండి. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్లు కట్టేది, బొమ్మలు సర్దేది, ఏటా కొత్త బొమ్మ చేర్చి వరస మార్చేది అమ్మమ్మలు, నాయనమ్మలే. బొమ్మలతో ఒక చిన్న లోకాన్ని ఓపిగ్గా అమర్చడం మన పెద్దలకు తెలిసిన పనే.

కంపెనీ కూడా పెద్దవాళ్లను ఎప్పుడో లెక్కలోకి తీసుకుంది. 2007లో వచ్చిన కెఫే కార్నర్ అనే సెట్టులో 2,056 పీసులు ఉన్నాయి. దాన్ని రూపొందించిన జేమీ బెరార్డ్ పెద్దయ్యాక అభిమానిగా సొంత నమూనాలు కట్టుకుంటూ వచ్చి కంపెనీలో డిజైనర్ అయినవాడు. ఆ సెట్టుతో మొదలైన మాడ్యులర్ భవనాల వరస ఇప్పటికీ నడుస్తోంది. 2020 నుంచి పెద్దల సెట్ల పెట్టెల మీద 18+ అని అచ్చు వేస్తున్నారు. కాబట్టి మొహమాటపడాల్సింది ఏమీ లేదు. హాబీకి ఒక సమయం, ఒక చోటు కేటాయించండి. భోజనాల బల్ల మీద సగం కట్టిన ఇల్లు వదిలేసి పోతేనే ఇంట్లో గొడవ వస్తుంది. ఒక పెద్ద ట్రే పెట్టుకుని, పని ఆపగానే ట్రేతో సహా బీరువా పైకి ఎక్కించేస్తే ఆ గొడవే ఉండదు.

కొలతలు వంటబట్టాలి

మార్పు చేయాలంటే ముందు ఈ పీసుల వెనకున్న లెక్క తెలియాలి. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఇవాళ మనం చూస్తున్న బ్రిక్‌కు, అంటే పైన స్టడ్లు అనే గుండ్రటి బొడిపెలు, లోపల గొట్టాలు ఉన్న నమూనాకు, ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఆనాటి బ్రిక్ ఇవాళ్టి బ్రిక్‌కు అతుక్కుంటుంది. అన్నేళ్లుగా కొలత మారకపోవడమే ఈ ఆటకు ప్రాణం.

గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు మూడే. ఒక స్టడ్ నడుమ నుంచి పక్క స్టడ్ నడుమకు 8 మిల్లీమీటర్లు. మామూలు బ్రిక్ ఎత్తు, పైనున్న స్టడ్ కాకుండా, 9.6 మిల్లీమీటర్లు. పల్చటి ప్లేట్ ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. అంటే మూడు ప్లేట్లు పేరిస్తే ఒక బ్రిక్ ఎత్తు వస్తుంది.

ఇందులోనే ఇంకో లెక్క దాగి ఉంది. అయిదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఎత్తు 16 మిల్లీమీటర్లు. రెండు స్టడ్ల వెడల్పు కూడా 16 మిల్లీమీటర్లే. అంటే ఆ అయిదు ప్లేట్ల దొంతరను పక్కకు పడుకోబెడితే రెండు స్టడ్ల ఖాళీలో సరిగ్గా కూర్చుంటుంది. స్టడ్లు పైకి కాకుండా పక్కకు తిరిగి ఉండేలా కట్టడాన్ని అభిమానులు 'స్నాట్' అంటారు. దుకాణం బోర్డు, కారు ముందు గ్రిల్, గోడ మీద నున్నటి పలక లాంటివన్నీ ఈ పద్ధతిలో వస్తాయి. అలా పక్కకు తిప్పడానికి బ్రాకెట్ అనే ఎల్ ఆకారపు పీసు, లేదా పక్కన కూడా స్టడ్ ఉన్న బ్రిక్ కావాలి. ఈ అయిదు-రెండు లెక్క పట్టుబడితే సెట్లలో డిజైనర్లు ఏం చేశారో మీ కంటికి తెలుస్తుంది. తర్వాత ఏ సెట్టు పుస్తకం తిరగేసినా ఒక్కో పేజీలో ఒక్కో కిటుకు కనిపిస్తుంది.

తగినన్ని పీసులు లేవని దిగులు పడొద్దు. ఒకే రంగు 2×4 బ్రిక్‌లు ఆరు ఇస్తే వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్క తేల్చాడు. 91,51,03,765 రకాలు! ఆరు బ్రిక్‌లకే ఇన్ని దారులుంటే మీ దగ్గరున్న ఒక్క సెట్టులో ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

మార్పుకు మూడు మెట్లు

ఒక్కసారిగా సొంత కోట కట్టేద్దామని దిగినవాళ్లు మధ్యలో విసిగి వదిలేస్తారు. మెట్టు మెట్టుగా వెళ్లండి.

*మొదటి మెట్టు: పైపైన మార్చడం.* ఉన్న నమూనా ఆకారం చెడగొట్టకుండా రంగు, తలుపు, కిటికీ, బోర్డు, ముంగిట్లో మొక్క వంటివి మాత్రమే మార్చండి. స్టడ్లు కనిపించే చోట నున్నటి టైల్స్ పరిచి చూడండి. రూపం ఎంత మారిపోతుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

*రెండో మెట్టు: ఒక భాగాన్ని విప్పి మళ్లీ కట్టడం.* మాడ్యులర్ భవనాలు దీనికి చాలా అనువు. అంతస్తులు విడివిడిగా పైకి లేస్తాయి. కాబట్టి మిగతా భవనాన్ని కదపకుండా ఒక్క అంతస్తును బల్ల మీదికి తెచ్చుకుని మార్చుకోవచ్చు. కార్లు ఇష్టమైతే ఇంకో మంచి కసరత్తు ఉంది. స్పీడ్ చాంపియన్స్ అనే లెగో వరసలోని కార్లు 2020కి ముందు ఆరు స్టడ్ల వెడల్పుతో వచ్చేవి, ఆ ఏడాది నుంచి ఎనిమిది అయ్యాయి. పాత ఆరు స్టడ్ల కారును ఎనిమిదికి పెంచి చూడండి. వెడల్పు పెరిగితే ఇరుసు మారాలి, అద్దం మారాలి, చక్రం మీది కప్పు మారాలి. ఒక చోట కదిపితే ఎన్ని చోట్ల కదులుతుందో అప్పుడు చేతికి తెలుస్తుంది.

*మూడో మెట్టు: సొంత నమూనా.* దీన్ని హాబీలో 'మాక్' అంటారు. దీనికి పుస్తకం ఉండదు. మీకు బాగా తెలిసిన వస్తువునే ఎంచుకోండి. చూడని కోట కంటే రోజూ చూసే ఇల్లు మేలు. ఎందుకంటే ఎక్కడ తేడా వచ్చిందో మీ కన్ను వెంటనే పట్టేస్తుంది.

మూడు మెట్లకూ నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు. విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. మార్పు నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉందన్న ధైర్యంతో చేతులు తడబడకుండా పని చేస్తాయి.

మండువా లోగిలి కట్టి చూద్దాం

తాజ్‌మహల్ 2008లో 5,922 పీసుల సెట్టుగా వచ్చింది, 2017లో మళ్లీ వచ్చింది. మన మండువా లోగిలి కావాలంటే మాత్రం మనమే కట్టుకోవాలి. మూడో మెట్టుకు ఇంతకంటే మంచి పాఠం లేదు. ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ముందు కొలబద్ద. లెగో మనిషి బొమ్మ ఎత్తు సుమారు 40 మిల్లీమీటర్లు. ఒక స్టడ్‌ను ఒక అడుగు అనుకుంటే ఆ బొమ్మ అయిదడుగుల మనిషి అవుతుంది. 32×32 స్టడ్ల బేస్‌ప్లేట్ అంటే 1,024 చదరపు అడుగులు, మన లెక్కలో దాదాపు 114 గజాల స్థలం. ఇప్పుడు మీ అమ్మమ్మగారి ఇంటి గదుల కొలతలు అడుగుల్లో రాసుకుంటే చాలు, అవే స్టడ్లు.

ఇంటి కప్పు 28×28 స్టడ్లు అనుకుందాం. నడుమ 8×8 ఖాళీ వాకిలి వదలండి. చుట్టూ ఒక్కో వైపు కప్పు వెడల్పు 10 స్టడ్లు మిగులుతుంది. ఎనిమిది బ్రిక్‌ల ఎత్తు గోడ లేపితే కొలబద్ద ప్రకారం తొమ్మిదిన్నర అడుగులు దాటుతుంది, పాత ఇళ్లకు సరిపోయే ఎత్తు.

అసలు పని పెంకుల కప్పు దగ్గర ఉంది. ఎర్రటి 2×2 స్లోప్ పీసులతో ఒక్కో వరసా వేస్తూ పోతే, ప్రతి వరసా ఒక స్టడ్ లోపలికి, ఒక బ్రిక్ పైకి జరుగుతుంది. బయటి వైపు నాలుగు వరసలు, వాకిలి వైపు నాలుగు వరసలు, నడినెత్తిన రెండు వైపులా వాలున్న పీసు రెండు స్టడ్లు. నాలుగూ నాలుగూ రెండూ కలిస్తే పది. వెడల్పు సరిగ్గా మూసుకుపోతుంది.

ఇక మూలలు. బయటి నాలుగు మూలల్లో రెండు వాలులు వెలుపలికి విడిపోతాయి, అక్కడ ఉబ్బెత్తు మూల స్లోప్ కావాలి. వాకిలి వైపు నాలుగు మూలల్లో రెండు వాలులు లోపలికి కలుస్తాయి. వాన కురిస్తే ధార కట్టేది అక్కడే. అక్కడ లోతట్టు మూల స్లోప్ కావాలి. నాలుగు వరసలు, నాలుగు మూలలు కాబట్టి ఒక్కో రకం పదహారు చొప్పున తెప్పించుకోవాలి. చూశారా, కొనేముందే పీసుల చీటీ తయారైపోయింది. పైన నడికప్పు మలుపు తిరిగే నాలుగు చోట్ల ఏ పీసు పెట్టాలో నేను చెప్పను. అక్కడ రెండు మూడు దారులున్నాయి, మీ కంటికి ఏది బాగుంటే అది పెట్టండి. అరుగు స్తంభాలకు 1×1 గుండ్రటి బ్రిక్‌లు పేర్చండి. గడపకు పసుపు రంగు టైల్, వాకిట్లో తులసి కోటకు రెండు బ్రిక్‌లు, ఒక ఆకు పీసు. ఇల్లు మనదన్న గుర్తు ఈ చిన్న వాటితోనే వస్తుంది.

కప్పు మరీ నిటారుగా అనిపిస్తే బెంగపడకండి. 45 డిగ్రీల స్లోప్ బదులు 33 డిగ్రీల స్లోప్ వాడి ఒక వైపు మాత్రం కట్టి చూడండి. రెండూ పక్కపక్కన పెట్టి తేల్చుకోండి. కాగితం మీద ఎంత లెక్క వేసుకున్నా చివరి మాట కంటిదే.

బలవంతం చేయకండి

పీసును పీసుకు అతికించే దారులన్నీ మంచివి కావు. పీసు వంగేలా, బిగుసుకుపోయేలా, ఒత్తిడి నిలిచిపోయేలా చేసే అతుకులను కంపెనీ డిజైనర్లు వాడరు. వాటిని అభిమానులు 'ఇల్లీగల్' అతుకులంటారు. ఉదాహరణకు, రెండు స్టడ్ల మధ్య ఖాళీ 3.2 మిల్లీమీటర్లు, ప్లేట్ మందం కూడా అంతే. ప్లేట్‌ను నిలబెట్టి ఆ సందులో దోపితే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ వెసులుబాటు ఏమాత్రం మిగలదు, పీసు మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. బలంగా నొక్కితే తప్ప దూరని చోట ఆగండి. మరో దారి వెతకండి. ఆ వెతుకులాటలోనే మీ నైపుణ్యం పెరుగుతుంది.

జిగురు పెట్టడం, పీసు కోయడం కూడా మానుకోమనే నా సలహా. జిగురు పెట్టిన పీసు ఒక్క నమూనాకే అంకితమైపోతుంది. పెట్టని పీసు మీ జీవితకాలమంతా కొత్త కొత్త రూపాలు ఎత్తుతుంది.

విడదీయడానికి పళ్లు, చాకు వాడొద్దు. సెపరేటర్ అనే చిన్న పనిముట్టు చాలా పెద్ద సెట్లలో వస్తుంది. ప్లేట్ మీద ప్లేట్ గట్టిగా పట్టేసినప్పుడు పైన ఒకటి, కింద ఒకటి సెపరేటర్లు పెట్టి ఒకేసారి మెలి తిప్పితే సులువుగా వచ్చేస్తుంది. కాబట్టి రెండు దగ్గరుంచుకోండి.

సర్దుకునే పద్ధతి, కాపాడుకునే పద్ధతి

కొత్తవాళ్లు పీసులను రంగుల వారీగా సర్దుతారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, వెతకడానికి నరకం. ఎర్ర పీసుల డబ్బాలో ఒక చిన్న ఎర్ర ప్లేట్ కోసం వెతికి చూడండి, కళ్లు లాగేస్తాయి. అదే 1×2 ప్లేట్లన్నీ ఒక డబ్బాలో ఉంటే అందులో ఎర్రది తటాలున కనబడుతుంది. రంగును కన్ను ఇట్టే పడుతుంది, ఆకారాన్ని పట్టడానికే సమయం పడుతుంది. అందుకే ఆకారం వారీగా సర్దండి. ఖరీదైన అరలు అవసరం లేదు. స్వీటు షాపు ప్లాస్టిక్ డబ్బాల మీద పేరు రాసి అతికిస్తే సరిపోతుంది.

1963 నుంచి బ్రిక్‌లను ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. గట్టిది, కానీ ఎండకు ఓర్చుకోదు. తెల్ల పీసులు, బూడిద రంగు పీసులు ఎండ తగిలితే పసుపు తిరుగుతాయి. కిటికీ పక్క షోకేసు వద్దు. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో పెట్టెను వదలొద్దు. దుమ్ముకు మెత్తటి బ్రష్ చాలు. కడగాల్సి వస్తే 40 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు. వాషింగ్ మెషీన్, హెయిర్ డ్రయ్యర్ జోలికి పోవద్దు. నీడలో గుడ్డ మీద ఆరబెట్టండి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే చిన్న పీసులు వాళ్లకు అందే ఎత్తులో ఉంచకండి. గొంతులో ఇరుక్కునే ప్రమాదం నిజమైనది.

ఖర్చుకు కళ్లెం

మన దేశంలో ఈ హాబీ ఖరీదైనది, దానికి కారణాలున్నాయి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఇక్కడ అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది. అందుకే అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో ఒక సెట్టుకు చోటు అడగడం మన ఇళ్లలో మామూలైపోయింది. అలా తెప్పించుకుంటే పెట్టె మడిచి, సంచులూ పుస్తకమూ మాత్రం పెట్టమనండి. చోటు సగానికి తగ్గుతుంది.

మొదటిసారి కొంటుంటే క్రియేటర్ త్రీ-ఇన్-వన్ రకం చూడండి. ఒకే పెట్టెలోని పీసులతో మూడు నమూనాలకు పుస్తకాలు ఇస్తారు. ఒకే ముడిసరుకు నుంచి మూడు రూపాలు ఎలా పుడతాయో చూపే పాఠం అది. సొంత నమూనాకు దిగేముందు కంప్యూటర్‌లో కట్టి చూడండి. జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా అభిమాని 1995లో ఎల్‌డ్రా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఈ దారి వేశాడు. ఇప్పుడు బ్రిక్‌లింక్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది. పీసుల చీటీ అదే ఇస్తుంది, కట్టే క్రమం పుస్తకంలా తయారు చేసుకునే వీలూ ఉంది. తెరమీద తప్పు దిద్దుకోవడానికి పైసా ఖర్చు కాదు.

ఇక ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఇంట్లో ఉన్న సెట్టులో ఒక మార్పు పూర్తి చేసేదాకా కొత్త పెట్టె కొనకూడదు. ఇది పాటిస్తే ఖర్చు తగ్గుతుంది, నైపుణ్యం పెరుగుతుంది. రెండూ ఒకే నియమంతో జరగడం అరుదు.

ఈ నెల సాధన

1. మొదటి వారం: ఉన్న సెట్టు ఒకటి దించండి. నాలుగు వైపులా ఫొటోలు తీయండి. మీకు నచ్చని చోటు ఒకటి గుర్తించి, ఎందుకు నచ్చలేదో ఒక వాక్యం రాయండి.

2. రెండో వారం: ఆ ఒక్క చోటే మార్చండి. ఇంట్లో ఉన్న పీసులే వాడండి. కొనడం ఈ వారం నిషిద్ధం.

3. మూడో వారం: అయిదు ప్లేట్లు పక్కకు పడుకోబెట్టి ఒక దుకాణం బోర్డు కట్టండి. రెండు స్టడ్ల ఖాళీలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే విప్పి, ఎక్కడ ఒక ప్లేట్ తేడా వచ్చిందో లెక్క చూసుకోండి.

4. నాలుగో వారం: మీ మార్పును విప్పుతూ ప్రతి దశనూ ఫొటో తీయండి. ఆ ఫొటోలను వెనక నుంచి ముందుకు పేరిస్తే కట్టే పుస్తకం తయారవుతుంది. దాన్ని పీసులతో సహా మీ పిల్లలకో, స్నేహితుడికో, చెల్లెలికో ఇవ్వండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ డిజైన్‌లో స్పష్టత తక్కువైందని అర్థం. ఆ దశను సరిచేసి మళ్లీ ఇవ్వండి. మీ సాయం లేకుండా వాళ్లు చివరిదాకా కట్టగలిగిన రోజు, పుస్తకం చూసి కట్టే మనిషి స్థానం నుంచి పుస్తకం రాసే మనిషి స్థానానికి మీరు చేరినట్టే.